దామాషా మద్దయ్యకు పడిన యాభై ఏడు గింజలు

నీలంపేటలో ముగ్గురు మద్దయ్యలుండేవాళ్ళు. గానుగ ఆడించేవాడు గానుగ మద్దయ్య. ఎప్పుడూ ఏదో ఒక వ్యాజ్యం మీద తిరిగేవాడు కోర్టు మద్దయ్య. మూడోవాడు మా మగ్గాల వీధివాడు, దామాషా మద్దయ్య. మొదటి ఇద్దరికీ ఆ పేర్లు వాళ్ళ పనివల్ల వచ్చాయి. మావాడికి మాత్రం, పద్దెనిమిదేళ్ళు ఊరందరికీ చెప్పీ చెప్పీ ఒక్కరికీ అర్థం చేయించలేకపోయిన ఒక మాటవల్ల వచ్చింది.

కమలాపురానికి నాలుగు మైళ్ళ దూరంలో ఉంటుంది నీలంపేట. ఆ రోజుల్లో రెండువందల పది గడపలు. నూట ఇరవై రైతులవి, అరవై మా మగ్గాలవాళ్ళవి, ముప్పై సాయిబులవి. ఈ మూడు లెక్కలూ గుర్తుపెట్టుకుంటే చాలు. మద్దయ్య సగం జీవితం వీటిని తలుచుకోవడంతోనే గడిచిపోయింది.

ఆయన చదువు మూడో తరగతి. మనిషి సన్నం, గొంతు పెద్దది. చీర అంచు నేయడంలో ఆయన చేతికి మా వీధిలో ఎదురు లేదు. పంతొమ్మిదివందల పద్దెనిమిదో సంవత్సరంలో చీరల మూట పట్టుకుని మొదటిసారి మద్రాసు పోయాడు. అంగడి యజమాని సాయంత్రం రమ్మన్నాడు. ఈలోగా వాన పట్టుకుంటే ఒక పెద్ద భవనం వసారాలో నిలబడ్డాడు. లోపల ఎవరో కళ్ళద్దాల పెద్దమనిషి తెలుగులో ఉపన్యాసం చెబుతున్నాడు. కొన్ని దేశాల్లో ఎన్నికలు వేరే రకంగా జరుగుతాయట. నూరుమందికి పది కుర్చీలుంటే, ఒక మాటమీద నిలిచిన పదిమందికి ఒక కుర్చీ వచ్చి తీరుతుందట. యాభైఒక్కమంది కలిసి పదింటినీ ఎత్తుకుపోవడానికి కుదరదట. దీన్నే దామాషా పద్ధతి అంటారట. వాన నిలిచినా మద్దయ్య కదల్లేదు. సభ అయ్యాక ఆ పెద్దమనిషి వెంటపడి, జట్కా ఎక్కేదాకా అడిగి మళ్ళీ అడిగి తెలుసుకున్నాడు.

ఇంటికి రాగానే పెళ్ళాం అంజనమ్మ మూట విప్పి చూసింది. ఆమె చెప్పి పంపిన గాజులు లేవు.

"మద్రాసుకు పోయి ఏం తెచ్చినావయ్యా?"

"దామాషా తెచ్చినా."

"యాడ పెట్టినావు? కనపడదే?"

"అది కనపడేది కాదు అంజనా. చెప్తా విను."

ఆమె విన్నది. చివరికంటా విని, "గాజులయితే చెప్పే పని లేకుండె" అంది.

తర్వాత కొన్నేళ్ళకు ఊరికి పంచాయతీ వచ్చింది. ఏడుగురు మెంబర్లు. ఎన్నిక అంటే చావడి ముందు అందరూ కూర్చోవడం, ఒక్కొక్క కుర్చీకీ పేరు చెప్పడం, చేతులెత్తడం. మొదటి కుర్చీకి రైతుల వీధినుంచి ఒక పేరు చెబితే నూట ఇరవై చేతులు లేచేవి. మేమూ సాయిబులూ కలిసి ఎవరిని నిలబెట్టినా తొంభై దాటేవి కావు. రెండో కుర్చీకీ అంతే, ఏడో కుర్చీకీ అంతే. మా వీధివాళ్ళు ఏడుసార్లు చేతులెత్తి, భుజాలు పిసుక్కుంటూ ఇంటికొచ్చేవాళ్ళు. మూడు ఎన్నికల్లోనూ ఏడుకు ఏడు కుర్చీలు రైతుల వీధికే పోయాయి. మూడుసార్లూ ప్రెసిడెంటు పెద్ద ఈరన్నే. చెనిక్కాయ సేద్యంలో ఆ చుట్టుపక్కల ఆయన్ను మించినవాడు లేడు. మనిషి చెడ్డవాడు కాడు. అన్నీ తనకే రావడం ఆయనకు అలవాటు, అంతే.

మద్దయ్య అర్జీలు పెట్టాడు. తాలూకాకు, జిల్లాకు, మద్రాసుకు. రాసేది ఆయన కాదు, కచేరీ ముందు చాపేసుకుని కూర్చునే అర్జీల అయ్య. ఆయనకు చేతనైన అర్జీలు మూడే: పన్ను మాఫీ, తుపాకి లైసెన్సు, తాగునీళ్ళ బావి. మద్దయ్య గంటసేపు దామాషా గురించి చెబితే, ఆయన ఓపిగ్గా తల ఊపి, వాటిలో దీనికి దగ్గరిది ఏదా అని ఆలోచించి, "కాబట్టి మా వీధికి తగిన వాటా దయచేయించవలెను" అని ముగించి, వాటా అంటే ఏమిటో ఎవరికైనా తెలియకపోతే కష్టమని పక్కన "నీరు" అని చేర్చాడు. రెండేళ్ళకు ఒక ఉద్యోగి గొలుసు పట్టుకుని బావికి స్థలం కొలవడానికి వచ్చాడు. బావి ఎక్కడ తవ్వాలో పంచాయతీ తేల్చాలన్నాడు. పంచాయతీ ఏడుగురూ ఏకగ్రీవంగా రైతుల వీధిలో తవ్వాలని తేల్చారు. ఇప్పటికీ ఆ బావి నీళ్ళు తియ్యగానే ఉంటాయి.

"ఎన్నికల గురించి రాసి బావి తెచ్చినావు, అదీ వాళ్ళకు తెచ్చినావు" అని వీధంతా నవ్వింది. మద్దయ్య నవ్వలేదు. "నేను చెప్పేదానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాల?" అన్నాడు.

ఆ నవ్వులన్నీ ముప్పై ఆరో సంవత్సరంలో ఆగిపోయాయి. ఆ ఏడు పంచాయతీ బందెలదొడ్డి కట్టాలనుకుంది. పంటలో పడి మేసిన గొడ్లను తోలి కట్టేయడానికి నాలుగు రాతిగోడల దొడ్డి. దానికి చూసిన స్థలం మా పడుగుల బయలు. తెల్లవారకముందే అరవై ఇళ్ళవాళ్ళమూ పడుగుల్ని, అంటే చీరకు నిలువునా వచ్చే నూలుపోగుల్ని, ఆ బయల్లోనే బారుగా సాగదీసి, గుంజలకు కట్టి, గంజి పెట్టి కుంచెతో దువ్వుతాం. ఎండెక్కేలోగా ఆరాలి. అంత పొడుగున చదునైన నేల మాకు ఇంకెక్కడా లేదు. వీధిలో సాగదీస్తే బండి వచ్చిన ప్రతిసారీ పడుగు ఎత్తాలి. ఎత్తిన పడుగు తెగుతుంది. తెగిన పడుగుతో నేసిన చీరను అంగడివాడు విప్పి కూడా చూడడు. బయలు పోతే మగ్గాలు పోయినట్టే.

కొత్త ఎన్నిక కాగానే మొదటి సమావేశంలో ఆ పని తీర్మానిస్తారని తెలిసింది. పంచాయతీలో ఒక మాట పుస్తకానికెక్కాలంటే ఒకడు ప్రతిపాదించాలి, ఇంకొకడు బలపరచాలి. అంటే మాకు కనీసం ఇద్దరు మెంబర్లు కావాలి. దామాషా లెక్కన మా అరవై గడపలకు వచ్చేవీ సరిగ్గా రెండు కుర్చీలే. పద్దెనిమిదేళ్ళు నవ్విన వీధి ఒక్కసారిగా మద్దయ్య అరుగు చుట్టూ చేరింది.

కానీ ఈరన్న ఒప్పుకోవాలి కదా. దానికి దారి పొట్టేలు చూపించింది.

ఉగాది మరుసటి రోజు మా ఊళ్ళో ఏడేసి ఇళ్ళు కలిసి ఒక పొట్టేలును కోసుకుంటారు. ఎప్పటినుంచో ఈరన్నవాళ్ళ కూటంలో నాలుగు రైతుల ఇళ్ళు, రెండు మగ్గాల ఇళ్ళు, ఒక సాయిబు ఇల్లు. మగ్గాల ఇళ్ళలో ఒకటి మద్దయ్యది, ఇంకొకటి ఆయన పక్కింటి గురప్పది. సాయిబు ఇల్లు ఇమాం బాషాది. కోసేదీ ఆయనే, ఈతాకుల చాపమీద పోగులు వేసేదీ ఆయనే. ప్రతి పోగులోనూ ఇంత మెత్తటిది, ఇంత ఎముక, ఇంత కార్జం పడేట్టు వేస్తాడు. ఒకడు గోడవైపు తిరిగి నిలబడతాడు. ఇంకొకడు పోగుమీద చెయ్యి పెట్టి "ఇది ఎవరిది?" అంటే, తిరిగి చూడకుండా పేరు చెప్పాలి.

ఆ రోజు ఏడు పోగులూ పడ్డాయి. మద్దయ్య చాప ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఆగండప్పా. ఈసారి చేతులెత్తి పంచుకుందాం. ఈ మొదటి పోగు రైతుల వీధికి అనేవాళ్ళు చేతులెత్తండి."

నవ్వుతూనే నాలుగు చేతులు లేచాయి.

"మగ్గాల వీధికి? సాయిబుల వీధికి? అంతా కలిపి మూడు. అయితే మొదటిది రైతులకే. రెండో పోగు?"

మళ్ళీ నాలుగు. మూడోదీ అంతే. ఏడో పోగుదాకా అలాగే నడిపించాడు. నవ్వులు మూడో పోగు దగ్గరే ఆగిపోయాయి.

"ఏడు పోగులూ మీవే ఈరన్నా. తట్ట తెప్పించు, ఎత్తుకుపోదువు."

ఇమాం బాషా కత్తి తుడుచుకుంటూ, "కోసినోనికి చేతులు కడుక్కునే నీళ్ళన్నా ఇస్తారా, దానికీ చేతులెత్తల్లా?" అన్నాడు.

ఈరన్న చాలాసేపు పోగులవైపే చూశాడు. అప్పటికి రెండేళ్ళుగా ఆయన కోర్టుకు తిరుగుతున్నాడు. కిందటి ఎన్నికలో చేతులు లెక్కపెట్టే దగ్గర కొట్లాటై మూడు తలలు పగిలాయి. ఒకటి ఆయన బావమరిదిది.

"తలలు పగలకుండా జరుగుతుందా నీ దామాషా?"

"ఒక్క తలా పగలదన్నా. గడపకొక గింజ. చాటున కుండలో వేసి పోవడమే. ఎక్కువ ఎవురికి పడితే ఆ ఏడుగురు. ఆ ఏడు పేర్లే మనం కచేరీలో ఇస్తాం. పోటీ లేదంటే వాళ్ళకూ పని తప్పుతాది."

"మళ్ళా ఒకసారి చెప్పప్పా, మెల్లగా" అన్నాడు ఈరన్న.

మద్దయ్య మెల్లగా చెప్పాడు. అంత శ్రద్ధగా ఆయన మాట విన్నవాడు ఆ ఊళ్ళో అదే మొదలు. ఈరన్న మూడు ప్రశ్నలు అడిగాడు. ఆ రాత్రి మద్దయ్య సంతోషంతో అంజనమ్మకు ఆ మూడు ప్రశ్నలూ అప్పజెప్పాడు. ఎంత మంచి ప్రశ్నలో చూడు అన్నాడు.

ఇక మా వీధికి నేర్పడం మిగిలింది. అసలు మద్రాసు పద్ధతిలో ఇంకో మెలిక ఉంది. ఓటరు ఒక్క పేరు కాదు, మొదట ఫలానావాడు, వాడికి సరిపడా వచ్చేసి ఉంటే నా ఓటు రెండోవాడికి పోవాలి అని వరసగా చెప్పాలి. అప్పుడు ఏ ఓటూ వృథాగా పోదు. మద్దయ్య దీన్ని వారంరోజులు చెప్పాడు. ఎనిమిదో రోజున గిడ్డమ్మ అడ్డం పడింది. మొగుడు పోయాక ఇంటి మగ్గం తనే నడిపే ముసలామె, గడప ఓటు ఆమెదే.

"మద్దయ్యా, నాకుండేది ఒక గింజ. దాన్ని ఒకనికేసినాక మళ్ళా ఇంకొకని దగ్గరికి అదెట్లా నడిచిపోతాది?"

"గింజ నడిచిపోదు అత్తా, నీ మాట పోతాది."

"మాటకు కాళ్ళుండాయని నేను ఒప్పుకోను. వేస్తే వేసినట్టే."

ఆమె ఒప్పుకోకపోతే వీధి ఒప్పుకోదు. మద్దయ్య విసిగిపోయి, "సరే, రెండో పేరు వద్దు. వీధిలో తూర్పు వరస ముప్పై ఇండ్లు నాకు వేయండి, పడమటి వరస ముప్పై ఇండ్లు గురప్పకు వేయండి. అంతే. ఇదయినా అర్థమైనాదా?" అన్నాడు.

అందరికీ అర్థమైంది. అందరూ తల ఊపారు. గురప్ప అందరికంటే గట్టిగా ఊపాడు.

ఎన్నిక రోజు చావడిలో దుప్పటి అడ్డం కట్టి ఎనిమిది కుండలు పెట్టారు. గడపకొక చింతగింజ. రైతుల వీధివాళ్ళు ఇరవై నలుగురేసి జట్లుగా వచ్చారు. ప్రతి జట్టుకూ ముందొకడు నడిచాడు. నవ్వులు లేవు, మాటలు లేవు. సాయిబులు ముప్పైమందీ ఒకేసారి వచ్చి వేసి పోయారు. మా వీధివాళ్ళు మాత్రం పండగలాగా వచ్చారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

సాయంత్రం కుండలు బోర్లించి లెక్కపెట్టారు. ఇమాం బాషాకు ముప్పై. రైతుల వీధివాళ్ళు ఐదుగురు నిలబడ్డారు, ఒక్కొక్కరికీ సరిగ్గా ఇరవై నాలుగు. మద్దయ్యకు యాభై ఏడు. గురప్పకు మూడు.

మా వీధివాళ్ళు ఈలలు వేశారు. యాభై ఏడు! ఊళ్ళో ఎవరికీ అన్ని రాలేదు. ఈరన్నకు కూడా ఇరవై నాలుగే. మద్దయ్య ఒక్కడే గోడకు జారగిలబడి కూర్చుండిపోయాడు. ఎనిమిదిమందిలో ఓడింది గురప్ప ఒక్కడే. మాకు రెండు కుర్చీలు రావలసింది, ఒక్కటే వచ్చింది. రెండోది రైతుల వీధికి ఐదో కుర్చీగా పోయింది.

"ఎవురప్పా మీరంతా? పడమటి వరస ఇండ్లోళ్ళు యాడికి పోయినారు?"

గిడ్డమ్మది పడమటి వరసే. ఆమె ముందుకొచ్చింది. "పద్దెనిమిదేండ్లు దీని కోసం నువ్వు తిరిగితివి. మొట్టమొదటి గింజ నీకు కాక ఇంకొకనికి వేసి ఏ మొగం పెట్టుకుని ఇంటికి పోయేది? గురప్పకు మిగిలినోళ్ళు వేస్తారులే అనుకుంటి."

"నేనూ అట్లే అనుకుంటి" అన్నారు ఇంకొకరు. అందరూ అలాగే అనుకున్నారు.

మద్దయ్య గురప్పవైపు తిరిగాడు. "నువ్వన్నా నీకు వేసుకుంటివా?"

గురప్ప తల గోక్కున్నాడు. "నాకు నేనే వేసుకుంటే బాగుండదు కదన్నా. నీకే వేసినా."

ఈరన్న వచ్చి మద్దయ్య భుజంమీద చెయ్యి వేశాడు. అందులో ఎగతాళి లేదు. "శానా బాగా నేర్పినావప్పా. నేను నాలుగే వస్తాయనుకుంటి" అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో దామాషాను పూర్తిగా అర్థం చేసుకున్న ఒకే ఒక్క మనిషి ఆయనే.

ఏడు పేర్లూ కచేరీకి పోయాయి. పోటీ లేకుండా ఎన్నికైన ఊరని అక్కడి ఉద్యోగి మెచ్చుకున్నాడట.

మొదటి సమావేశానికి ముందురోజు మద్దయ్య ఇమాం బాషా ఇంటికి పోయాడు. రెండో మెంబరు దొరికితే ఆయనే దొరకాలి.

"అన్నా, నీ బయల్లో వద్దంటే దొడ్డి మా గోరీల పక్కన కడ్తామంటాండారు. నేనెట్లా బలపరిచేది? నా ముప్పై గడపలోళ్ళు నన్నే దొడ్లో కట్టేస్తారు."

"గోరీల కాడ కూడా వద్దని రాద్దాం బాషా."

"మరి యాడ?"

"యాడయితే మనకేమి? మన రెండు చోట్లా వద్దు."

ఇమాం బాషా ఒప్పుకున్నాడు. అయినా ఇద్దరికీ తెలుసు, అవతల ఐదుగురున్నారు. ప్రెసిడెంటుగా ఈరన్న, రెండు పక్షాలూ సమానమైతేనే చెయ్యి ఎత్తాలి. అయినా నాలుగు మిగులుతాయి. నాలుగుకు రెండు. బయలు పోయినట్టే. మా ఇళ్ళలో ఆ పూట చాలా పొయ్యిలు వెలగలేదు.

సమావేశంలో ముందు ఒక ఖాళీ కుర్చీ కనబడింది. ఈరన్న మనుషుల్లో ఒకడు ఎద్దుల బేరానికి సంతకు పోయాడు. "ఐదుగురం ఉండాం కదా, నేనొక్కడు లేకుంటే ఏమైతాది?" అని చెప్పి పోయాడట. ఈరన్న కొంచెం విసుక్కున్నాడు. మిగిలినవాళ్ళు ముగ్గురు, ఇటు ఇద్దరు. ఏమీ కాదులే అనుకున్నాడు.

మద్దయ్య ప్రతిపాదించాడు. ఇమాం బాషా బలపరిచాడు. చేతులెత్తమన్నారు. రెండు లేచాయి. తర్వాత, బల్ల చివరనుంచి, మెల్లగా మూడో చెయ్యి లేచింది. అది రామప్పది. ఈరన్న మనిషే. ఊరి బయట గుడిసెల్లో, మేం కొట్టాలనే చోట ఉంటాడు.

"రామప్పా, ఇప్పుడు కాదురా, మనది తర్వాత" అన్నాడు ఈరన్న.

"తెలిసే ఎత్తినాన్నా."

"ఏం తెలిసి?"

రామప్ప దించిన తల ఎత్తలేదు. "జట్లు కట్టినప్పుడు కొట్టాల ఇరవై నాలుగు ఇండ్లూ నాకు రాస్తివి కదా. మా గొర్రెలూ గొడ్లే కదన్నా పొలాల్లో పడేది. దొడ్డి కట్టినారంటే ముందు లోపలుండేవి అవే. ముందర నూటిరవై మంది చేతులెత్తినప్పుడు నన్ను అడిగినోడు లేడు. ఇప్పుడు నాకు గింజ వేసిన ఇరవై నాలుగు గడపలేవో నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. పొద్దున్నుంచి దారి కాస్తాండారు. ఆడోళ్ళు చీపుర్లు పట్టుకుని నిలబడినారన్నా."

మూడుకు రెండు. పడుగుల బయల్లో గానీ గోరీల పక్కన గానీ దొడ్డి కట్టకూడదని పుస్తకానికెక్కింది. కట్టవలసిన చోటు ఎక్కడో ఎవరికీ తోచలేదు. ఆ దొడ్డి ఇప్పటిదాకా కట్టనేలేదు.

ఈరన్న సంతకం చేసి కలం కింద పెట్టాడు. "ఇది కూడా నీ దామాషాలో ఉండాదా మద్దయ్యా?"

మద్దయ్య అబద్ధం ఆడలేదు. "లేదన్నా. ఇది మద్రాసులో చెప్పలేదు."

మా వీధిలో ఆ రోజు పప్పులూ బెల్లమూ పంచారు. మద్దయ్య అరుగుమీద నిలబడి జరిగింది చెప్పాడు: ఒకడు సంతకు పోవడం, రామప్ప చెయ్యి ఎత్తడం, ఇరవై నాలుగు గడపల సంగతి. అన్నీ విన్నారు. గిడ్డమ్మ బెల్లం నములుతూ, "అవన్నీ ఎందుకు నాయనా? యాభై ఏడు గింజల బలం అది. యాభై ఏడు పడినోన్ని చూసి వాళ్ళు జడుసుకున్నారు" అంది.

"అది కాదత్తా. ముప్పైకి పైన పడినవన్నీ దండగ. అవి గురప్పకు పడి ఉంటే..."

"ఇంకా నయం! మేమూ నువ్వు చెప్పినట్టే వేసి ఉంటే బయలు పోయుండె."

వీధంతా ఔనంది. గురప్ప అందరికంటే గట్టిగా అన్నాడు. తర్వాత ఎవరికో ఇంకో సంగతి గుర్తొచ్చింది. మూడు గింజలు గురప్పకు పడ్డాయి కదా, మద్దయ్యకు వేయని ఆ ముగ్గురు ద్రోహులు ఎవరు? ఇద్దరు వెంటనే దొరికారు. పడమటి వరసలో చెప్పిన మాట విన్న పిచ్చి అన్నదమ్ములు. వాళ్ళను నానా మాటలూ అన్నారు. మూడోవాడికోసం ఇల్లిల్లూ అడగడం మొదలుపెట్టారు.

మద్దయ్య చివరికి, "వాళ్ళను వదిలిపెట్టండప్పా. మూడోది నాదే. నాకు నేను వేసుకునేకి చెయ్యి రాలేదు" అన్నాడు.

గిడ్డమ్మే ముందుగా మెత్తబడింది. "పోనీలే, ఈ ఒక్కసారికి పోనిస్తాం. వచ్చేతూరి నువ్వు కూడా నీకే వేసుకో. మా పరువు తీయద్దు" అంది.

మద్దయ్య నలభై ఆరులో కన్నుమూశాడు. అంతకుముందు ఇంకొకసారి గింజల ఎన్నిక జరిగింది. దానికి ముందు మూడునెలలు ఆయన గడపగడపకూ తిరిగి తనకు వేయొద్దని బతిమాలాడు. ఊళ్ళో తనకు ఓట్లు వేయొద్దని తిరిగినవాడు ఆయనొక్కడే. లెక్కపెడితే మద్దయ్యకు యాభై తొమ్మిది గింజలు పడ్డాయి, గురప్పకు ఒకటి. ఆ ఒకటి ఎవరిదని వీధి మళ్ళీ ఆరా తీసింది. ఈసారి మద్దయ్య నోరు విప్పలేదు.